లిఫ్ట్ లేని ఇల్లు

ఫిబ్రవరి 9

రోజూ ఎన్ని నిమిషాలు నడిచానో, నడవక ముందు నాడి ఎంతుందో, నడిచాక ఎంతుందో ఒక పుస్తకంలో రాసి నెలకోసారి తెచ్చి చూపించమంది డాక్టరమ్మ. అందుకోసం కొన్న పుస్తకం ఇది. నాలుగు వాక్యాలు రాసేసరికే అర్థమైంది, ఇది ఆవిడకు చూపించే పుస్తకం కాబోదని. అంకెలు వేరే కాగితం మీద ఎక్కించి ఇస్తాను.

నడక ఐదు నిమిషాలు. వీధి చివరి వరకూ వెళ్ళి వెనక్కి. ముందు 88, తర్వాత 116.

నవ్వొస్తోంది. ఇరవై రెండేళ్ళుగా లిఫ్ట్ నడుపుతున్నాను. తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనం, మడత తలుపుల పాత లిఫ్ట్, మూలన నా స్టూలు. రోజుకు వంద సార్లు పైకెళ్ళి కిందికొస్తాను, అదీ కూర్చునే. ఆ భవనంలో నేను మెట్లెక్కి చూసిన అంతస్తు ఒక్కటీ లేదు. పన్నెండు రోజుల క్రితం ఆ స్టూలు మీదే, ఐదో అంతస్తుకూ ఆరో అంతస్తుకూ మధ్య, ఛాతీ మీద ఎవరో బరువు పెట్టి తీయడం మరచిపోయినట్టయింది. గుండెపోటు. పెద్దది కాదన్నారు.

"గుండె కూడా కండే," అంది డాక్టరమ్మ. "ఇన్నాళ్ళూ దానికి పనే చెప్పలేదు మీరు. మందులు నేను రాసివ్వగలను. నడక రాసివ్వలేను, అది మీరే నడవాలి."

"ఎంత వేగంగా నడవాలండీ?"

"పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత."

పక్కన ఎవరూ లేరని చెప్పలేదు.

ఫిబ్రవరి 10

ఏడు నిమిషాలు. 86, 114. మాట్లాడగలుగుతున్నానో లేదో చూసుకుందామని నాలో నేనే మాట్లాడుకుంటూ నడిచాను. ఎదురొచ్చిన ఒకావిడ తన పిల్లని పక్కకు లాక్కుంది.

ఫిబ్రవరి 12

ఎనిమిది నిమిషాలు.

ఆస్పత్రి కాగితంలో దగ్గరివాళ్ళ పేరు రాయాల్సిన చోట సార్జంటు పేరు ఉంది. మా భవనం గేటు దగ్గర కాపలా మనిషి. సైన్యంలో చేసొచ్చాడు, అందుకని అందరం అలాగే పిలుస్తాం. ఆ రోజు నన్ను లిఫ్టులోంచి ఎత్తుకుని బయటికి తెచ్చిందీ, అంబులెన్సులో పక్కన కూర్చుందీ అతనే. "మీ ఇంటావిడకి కబురు చెయ్యనా?" అని మూడుసార్లు అడిగాడు. వద్దన్నాను. కంగారు పడుతుందని.

అందుకే వద్దన్నాను. ఇంకే కారణమూ లేదు.

ఫిబ్రవరి 15

పది నిమిషాలు. 86, 112.

తను పొద్దున్నే ఐదున్నరకు లేచేది. గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "రండి, వంతెన దాకా వెళ్ళొద్దాం" అనేది. దుప్పట్లోంచే "రేపు" అనేవాణ్ణి. పదకొండేళ్ళు అలా అన్నాను. మా నాన్న యాభై నిండకుండానే గుండె ఆగి చనిపోయాడు. తనకు ఆ భయం. మాకు పిల్లలు లేరు, తనకు నేను, నాకు తను. చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. "నువ్వెళ్ళిరా, నీకు నడకంటే సరదా కదా" అని అటు తిరిగి పడుకునేవాణ్ణి.

తర్వాత ఒకసారి ఛాతీలో నొప్పి వచ్చింది. వీధి చివరి డాక్టరు పరీక్షలకు చీటీ రాసిచ్చాడు. దాన్ని గోడ మీది కేలండరు వెనక దోపి ఎనిమిది నెలలు ఊరుకున్నాను. బూజు దులుపుతుంటే తనకు దొరికింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"మీ రోగం నాకు తెలియకూడదంటే, ఈ ఇంట్లో నేనెవర్నండీ?" అంది.

నేను టీవీ శబ్దం పెంచాను.

నాలుగు రోజులకు వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది. రెండేళ్ళు దాటింది.

ఫిబ్రవరి 17

తన పేరు మీద ఉత్తరం ఒకటి వచ్చి ఉంది. ఇచ్చొద్దామని బస్సెక్కాను. ఉత్తరం అన్నాక ఇవ్వాలి కదా.

వదిన ఇల్లు కొండ పక్క పేటలో, నాలుగో అంతస్తు. ఆ భవనానికి లిఫ్ట్ లేదు. మొదటి అంతస్తు ఎలాగో ఎక్కాను. రెండో అంతస్తుకు చేరకుండానే కాళ్ళు వణికాయి, నోరెండిపోయింది. మెట్టు మీద కూలబడ్డాను. బట్టల బకెట్టుతో దిగుతున్న ఒకావిడ ఆగింది.

"ఎవరింటికండీ?"

"పొరపాటున వచ్చానమ్మా. ఇది కాదు."

పైనుంచి గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు వినిపించింది. ఆ తీరు తనదే అనిపించింది. గిన్నెల చప్పుడు ఎవరు చేసినా ఒకటే. కాసేపు విన్నాను. ఉత్తరం కింద పెట్టెలో వేసి వచ్చేశాను.

డాక్టరమ్మకు ఇది చెప్పకూడదు. మెట్లు ఇప్పుడే వద్దంది.

మార్చి 4

డ్యూటీలో చేరాను. లిఫ్టులో నా స్టూలు లేదు.

"నేనే తీసేయించా," అన్నాడు సార్జంటు. "కాసేపు నిలబడు, కాసేపు అటూ ఇటూ అడుగులెయ్. మరీ ఓపిక లేకపోతే చెప్పు, తెచ్చిస్తా."

"ఇది లిఫ్టయ్యా బాబూ, కవాతు మైదానం కాదు."

"అదీ చూద్దాం. మధ్యాహ్నం భోజనమయ్యాక గంట ఆగి గేటు దగ్గరికి రా."

వెళ్ళాను. భవనం చుట్టూ మూడు రౌండ్లు తిప్పాడు. అతనికి అరవై మూడు. పక్కన నడుస్తూ తన ఉద్యోగం కబుర్లన్నీ చెప్పాడు, ఒక్కసారీ ఊపిరి తడబడలేదు. నేను "ఊఁ" కొట్టడానికే కష్టపడ్డాను.

పద్దెనిమిది నిమిషాలు.

మార్చి 12

వాన. నడవలేదు.

మార్చి 13

వాన లేదు. నడవలేదు.

మార్చి 14

సార్జంటు తిట్టాడు. పాతిక నిమిషాలు.

మార్చి 30

అరగంట. 78, 106. నడిచొచ్చాక ఐదు నిమిషాలకే నాడి మామూలుకు వచ్చింది. పడుకుంటే నిద్ర పడుతోంది. ఇదివరకు తెల్లారగట్ల మెలకువ వచ్చి తన పక్కవైపు చూసేవాణ్ణి. ఇప్పుడు తెల్లారాక మెలకువ వస్తోంది. చూడటం మాత్రం చూస్తున్నాను.

ఏప్రిల్ 8

డాక్టరమ్మ నా కాగితం చూసి సంతోషించింది. బరువు మూడు కిలోలు తగ్గింది, బీపీ దారికొస్తోంది.

"మెట్లెక్కొచ్చా అండీ?"

"ఒక్కో అంతస్తూ నెమ్మదిగా, ఆగి ఆగి ఎక్కండి. అయినా మెట్లతో పనేముంది, మీ చేతిలో లిఫ్టే ఉందిగా?"

"వ్యాయామానికండీ."

అబద్ధమేమీ కాదు.

ఏప్రిల్ 20

మా భవనంలో మెట్లెలా ఉంటాయో ఇన్నాళ్ళకు చూశాను. అంతస్తుకు పద్దెనిమిది మెట్లు. రెండో అంతస్తు గోడ మీద ఎవరో ఎప్పుడో బొగ్గుతో గుర్రం బొమ్మ వేశారు. బాగుంది.

రెండంతస్తులు, రెండుసార్లు ఆగి.

మే 11

ఈరోజు వంతెన దాకా నడిచాను. ఇంటి నుంచి ఇరవై నాలుగు నిమిషాలు.

పదకొండేళ్ళు తను రోజూ చూసింది ఇదన్నమాట. కింద సరుకు రైళ్ళ పట్టాలు, ఇంజన్లు లేని పెట్టెలు వరసగా. పక్కన రొట్టెల బట్టీ వేడి వాసన. వంతెన మధ్యలో చెయ్యానించుకునే చోట ఇనుము నున్నగా అరిగిపోయి ఉంది. ఎంతమంది చేతులో. నేనూ అక్కడే చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చి వంతెన ఎలా ఉందో తను చెప్పబోయేది. నేను పేపరు చదువుకుంటూ తలూపేవాణ్ణి. ఏం చెప్పేదో ఒక్క ముక్క గుర్తు రావడం లేదు. ఇవాళ దారంతా అదే గుర్తు చేసుకోవాలని చూశాను. ఒక్క ముక్క కూడా.

జూన్ 3

మూడంతస్తులు, ఒక్కసారి ఆగి. 72, 118. సార్జంటు వెనకే ఎక్కుతూ, "ఇంతకీ నువ్వు ఎక్కాల్సింది ఎన్ని?" అన్నాడు.

"ఎన్నయితే అన్ని. వ్యాయామం కదా."

"నాలుగు చాలా?"

వీడికెలా తెలుసు? వదిన ఇంటి అడ్రసు ఒకసారి ఉత్తరం మీద వీడి చేతే రాయించాను, అది నేనే మరిచిపోయాను.

జూన్ 27

నాలుగంతస్తులు. డెబ్బై రెండు మెట్లు. ఎక్కడా ఆగలేదు. పైకి చేరాక సార్జంటుతో రెండు నిమిషాలు మాట్లాడగలిగాను. ఏం మాట్లాడానో తెలియదు, మాట్లాడాను.

వదిన వాళ్ళింటికి ఎక్కాల్సింది కూడా నాలుగంతస్తులే. అది వేరే సంగతి.

జూన్ 29

వెళ్ళాను.

ఈసారి ఏ వంకా పెట్టుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. మెట్లు ఎప్పుడు అయిపోయాయో తెలియలేదు. తలుపు తనే తీసింది. జుట్టు బాగా నెరిసింది. కాస్త ఒళ్ళు చేసింది. చీర కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ అలా నిలబడిపోయింది.

"మెట్లెక్కి వచ్చారా?" అంది.

"ఆఁ."

"ఆయాసపడ్డం లేదే?"

"రోజూ నడుస్తున్నా. వంతెన దాకా."

తన మొహం ఒక్కసారిగా విప్పారింది. పెళ్ళయిన కొత్తలో చూసిన మొహం. "నిజంగానా? ఎప్పట్నించి?"

అక్కడితో ఊరుకుని ఉంటే లోపలికి పిలిచేదేమో.

"ఫిబ్రవరి నుంచి. జనవరిలో గుండెపోటొచ్చింది. చిన్నదే."

తను నా వంక చూస్తూ వేళ్ళు మడిచింది. ఒకటి, రెండు, మూడు... "ఐదు నెలలు," అంది.

"నువ్వు కంగారు పడతావని..."

"మళ్ళీ ఐదు నెలలు."

తలుపు వేసింది. గట్టిగా వెయ్యలేదు. చప్పుడే కాకుండా వేసింది.

జూన్ 30

నడవలేదు.

జూలై 2

నడవలేదు.

జూలై 6

మాత్రలు వేసుకున్నాను. నడవలేదు. ఎవరి కోసం.

జూలై 8

సార్జంటు లిఫ్టులోకి వచ్చి తలుపు మూసి, "తొమ్మిదికి పోనీ" అన్నాడు. తొమ్మిదో అంతస్తులో దిగడు. "మళ్ళీ కిందికి పోనీ" అన్నాడు. జరిగింది చెప్పేదాకా అలా పైకీ కిందికీ తిప్పించాడు. మూడో అంతస్తులో ఒకాయన ఎక్కబోతే, "రిపేరులో ఉంది సార్" అన్నాడు.

అంతా విని, "అంబులెన్సులో నేను చేస్తానన్నానా లేదా ఫోను? వద్దన్నదెవరు?" అన్నాడు.

"నేనే."

"మరి అలుగుతున్నదెవరు?"

నేనే.

ఇంటికొచ్చి ఆలోచించాను. తను కంగారు పడుతుందని చెప్పకపోవడం కాదు. చెబితే పరిగెత్తుకుని వస్తుందని తెలుసు. జబ్బు చూసి జాలితో రావడం నాకిష్టం లేదు. కాదు, అది కూడా కాదు. పదకొండేళ్ళు తను చెప్పిన మాటే నిజమైందని తన కళ్ళముందు ఒప్పుకోవడం నాకిష్టం లేదు. చీటీ కేలండరు వెనక పెట్టిందీ అందుకే.

ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది. నడక పదిహేను నిమిషాలు.

జూలై 13

ఆస్పత్రి కాగితాలన్నీ, జనవరి నుంచి ఉన్నవన్నీ ఒక కవరులో పెట్టి తీసుకెళ్ళాను. పైన ఒక తెల్ల కాగితం: ఈ నెలలో ఏడు రోజులు నడవలేదు, మూడో తారీఖున ఒక సిగరెట్టు తాగాను, పొద్దున నాడి 74.

వదిన తలుపు తీసింది. "అది బయటికి రాదు మరిదీ," అంది గొంతు తగ్గించి. "వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఏమిటిది?"

"నా కాగితాలు వదినా. దాచుకున్నవన్నీ. ఇస్తే చాలు."

"ఇచ్చి వెళ్ళిపోతావా?"

"వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను. ఇంకో కాగితం తెస్తాను."

"పోస్టుమాన్ ఉద్యోగంలో చేరావన్నమాట," అంది. నవ్వలేదు గానీ నవ్వబోయింది.

జూలై 20

కాగితం తలుపు కింద నుంచి తోశాను. ఏడు రోజులూ నడిచాను. జవాబు లేదు. జవాబు కోసం వెళ్ళలేదు.

జూలై 27

కాగితం సగం తోశాను. లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. నేనూ ఆగాను. తను తలుపు తీసిన ఆ ఒక్కరోజు తప్పిస్తే, అంత దగ్గరగా నిలబడి రెండేళ్ళు దాటింది, మధ్యలో తలుపు ఉందంతే. పిలవాలనిపించింది. పిలవలేదు. మిగతా సగం కాగితాన్ని అవతలి నుంచి ఎవరో లాక్కున్నారు.

దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టడం మరిచిపోయాను.

ఆగస్టు 3

కాగితంలో రాసింది: డాక్టరమ్మ పరీక్షలు చేసింది. బీపీ బాగుంది. షుగరు తగ్గింది. ఒక మాత్ర సగానికి తగ్గించింది. పొద్దున నాడి 68. "ఇలా ఎవరూ క్రమం తప్పకుండా చెయ్యరు, ఎలా చేస్తున్నారు?" అని అడిగింది.

ఏం జవాబిచ్చానో కాగితంలో రాయలేదు. ఇక్కడా రాయను.

ఆగస్టు 8

వంతెన ఎక్కుతుంటే ఛాతీ పట్టేసింది. అర నిమిషం. ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. తగ్గింది.

సార్జంటుకు చెప్పలేదు. రోజంతా లిఫ్టులో బాగానే ఉన్నాను. ఏం కాదు. గాలి పట్టేసి ఉంటుంది.

ఆగస్టు 9

ఏం కాదు.

ఆగస్టు 10

కాగితం రెండుసార్లు రాసి చించాను. అంకెలన్నీ బాగున్న కాగితం ఒకటి, అబద్ధం ఒక్కటీ లేనిదే, జేబులో పెట్టుకుని బస్సు దాకా వెళ్ళాను. మళ్ళీ వెనక్కొచ్చి కూర్చుని ఇంకోటి రాశాను.

"శుక్రవారం వంతెన మీద ఛాతీ పట్టేసింది. అర నిమిషం. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను."

వదిన వాళ్ళ తలుపు కింద తోసి, చదివే లోపే దిగి వచ్చేశాను.

ఆగస్టు 11

ఆరింటికి తలుపు దబదబ మోగింది. తనే. మొదటి బస్సుకు వచ్చింది. జడ కూడా సరిగ్గా వేసుకోలేదు.

"చొక్కా తొడుక్కోండి. పదండి."

"ఇప్పుడేం లేదు, బాగానే..."

"నోరు మూసుకుని పదండి."

ఆస్పత్రిలో నాకూ తనకూ మధ్య ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చుంది. ఈసీజీ తీశారు, కదిలే పట్టా మీద నడిపించి చూశారు. లోపల భయపడాల్సిందేమీ లేదంది డాక్టరమ్మ. "ఇంట్లోంచి అడుగు బయట పెడుతూనే పరుగులాంటి నడక మొదలుపెడుతున్నారు మీరు. మొదటి పది నిమిషాలు మెల్లగా, ఆఖరి పది నిమిషాలు మెల్లగా నడవాలి. గుండెను నిద్ర లేపాలి గానీ తన్ని లేపకూడదు. ఇంకొకటి, నొప్పి వచ్చిన రోజే రావాలి. మూడు రోజులు ఆగకూడదు."

"ఎనిమిది నెలల నుంచి మూడు రోజులకు దిగారండీ," అంది తను. "నెమ్మదిగా దార్లో పడతారు."

డాక్టరమ్మ నవ్వింది. నేను తన వైపు చూశాను. తను కిటికీలోంచి బయటికి చూస్తోంది.

బస్సు దగ్గర విడిపోయాం. "రేపు ఆరింటికి వీధి చివర ఉండండి. మీరెలా నడుస్తున్నారో నేను చూడాలి," అంది.

ఆగస్టు 12

ఐదున్నర నుంచే నిలబడ్డాను. ఆరు దాటాక బస్సు దిగింది. వాళ్ళక్క బూట్లు వేసుకుంది, కాస్త వదులు.

మెల్లగా మొదలుపెట్టాం. నేను తన నడకను అందుకోలేనేమోనని భయపడ్డాను. తపాలా ఆఫీసు దాటేసరికి తన అడుగులు వెనకబడ్డాయి. నా కోసం వేగం తగ్గించిందనుకున్నాను. తిరిగి చూస్తే నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయాసపడుతోంది. పాల కేంద్రం ముందు బెంచీ మీద కూర్చోబెట్టాను.

"మానేశావా?"

"అక్కడికి వెళ్ళిన రోజు నుంచే మానేశా."

"నీకు నడకంటే అంత ఇష్టం కదా?"

తను నా వైపు తిరిగింది.

"ఇష్టమని ఎవరన్నారు? పొద్దున్నే లేవడమంటే నాకు ఏడుపొచ్చేది. మీరు ఒక్కరోజు వస్తారేమో, ఒక్కరోజు వస్తే రెండో రోజు కూడా వస్తారేమోనని వెళ్ళేదాన్ని. ఎండలో, వానలో, పిచ్చిదానిలా వంతెన మీద నిలబడి వెనక్కి చూసేదాన్ని."

పదకొండేళ్ళు.

ఏమన్నా ఆ పదకొండేళ్ళకు సరిపోదు. తన ఊపిరి నెమ్మదించేదాకా పక్కన కూర్చున్నాను. ఈసారి మధ్యలో ఖాళీ లేదు.

"మీరు వెళ్ళి నడవండి. మీకు అరగంట కావాలి కదా," అంది.

"ఇవాళ్టికి ఇంతే," అన్నాను.

ఆగస్టు 16

పాల కేంద్రం దాటాం. తను ఆగిన చోటల్లా ఆగుతున్నాను. తనను బస్సెక్కించాక నా మిగతా పావుగంట నేను నడుచుకుంటున్నాను. ఇంటికి రమ్మని అడగాలని రోజూ అనుకుంటాను. నిన్న నోటిదాకా వచ్చింది. నా మొహం చూసి కనిపెట్టేసినట్టుంది.

"ఆ మాట అడగకండి," అంది. "అడిగితే రేపట్నించి రాను. ముందు నడుద్దాం."

సరే అన్నాను.

ఆగస్టు 20

తనకు పన్నెండు నిమిషాలు. ఆయాసం తగ్గిందంటోంది. నాకు తెలుసు, తగ్గింది. పక్కన నడుస్తూ మాట్లాడుతూనే ఉంది. వాళ్ళక్క గురించి, కింది ఇంటివాళ్ళ గొడవ గురించి, కుట్టించుకున్న జాకెట్టు పాడైన సంగతి. ఒక్క ముక్క వదలకుండా వింటున్నాను.

ఆగస్టు 23

తిరిగి వస్తుంటే ఎండెక్కింది. బస్సు స్టాపుకు కుడివైపు తిరగాలి, మా ఇంటికి ఎడమవైపు. మలుపు దగ్గర తను ఆగింది.

"దాహమేస్తోంది. మంచినీళ్ళు తాగి వెళ్తా."

తలుపు తాళం తీశాను. నాలుగంతస్తులు ఎక్కినప్పుడు కూడా ఇలా కొట్టుకోలేదు నా గుండె. తను బూట్లు విప్పకుండా గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. రెండు గ్లాసులు తాగింది. గదంతా ఒకసారి చూసింది. మంచం, గోడ, ఎప్పుడూ మూసి ఉండే కిటికీలు.

"ఇవి తెరవరా అసలు? గాలి ఎలా ఆడుతుంది?"

లేచి వెళ్ళి ఒక్కో కిటికీ గడియ తీసింది. రెండోది బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి తోశాం. వీధి చప్పుడంతా ఒక్కసారిగా లోపలికొచ్చింది.

"వెళ్తా," అంది.

ఉండమనలేదు. మాట ఇచ్చాను కదా. "రేపు?" అని మాత్రం అడిగాను.

"రేపు ఆదివారం. మొదటి బస్సు ఆలస్యం. ఆరున్నరకు వస్తా."

బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నిలబడ్డాను. ఆఫీసుకు బయల్దేరేటప్పుడు కిటికీలు మూద్దామని వాటి దగ్గరికి వెళ్ళాను. మొదటి రెక్క మీద చెయ్యి వేసి, తీసేశాను. అలాగే వదిలేసి, తలుపుకు మాత్రం తాళం వేసుకుని వెళ్ళాను.